తీగ చివర నుంచి మొదలుపెట్టేవాళ్లం

ఇప్పటి ఇంజనీరింగ్ పిల్లలు తమ ప్రాజెక్టు చూడమని పిలిస్తే మొదట చెప్పేది ఏ బోర్డు వాడారో, ఏ లైబ్రరీ వేశారో, ఫోన్‌లో యాప్ ఎలా కనిపిస్తుందో. సెన్సర్ ఏమిటని అడిగితే పేరు చెబుతారు. దాని నుంచి ఎన్ని మిల్లీవోల్టులు వస్తాయి, దాని వెనక ఎంత రెసిస్టెన్స్ ఉంది, ఆ తీగ ఏ మోటారు పక్క నుంచి నడిచి వస్తోంది అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నాకు కోపం వస్తుంది, దాచుకోను. కొలత పుట్టేది ఆ తీగ చివరే. అక్కడ తప్పుగా పుట్టినదాన్ని తెర మీద ఎంత అందంగా చూపించినా తప్పు తప్పే.

మా రోజుల్లో పని ఆ చివర నుంచే మొదలయ్యేది. దానికి కారణాలున్నాయి. హైదరాబాదులో 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ వచ్చాక కుషాయిగూడ, చర్లపల్లి వైపు కొలత పరికరాలు చేసే చిన్న కంపెనీలు చాలా వెలిశాయి. నేను పనిచేసింది అలాంటి ఒకదాంట్లో. ఇంటెల్ 8051 మైక్రోకంట్రోలర్ పుట్టింది 1980లో. మా చేతికి ఎక్కువగా దొరికింది ఆ కుటుంబంలోనే చవకైన 8031. దాని లోపల ప్రోగ్రాం దాచుకునే చోటు ఉండదు, బయట ఈప్రామ్ పెట్టాలి. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చాలన్నా ఆ ఈప్రామ్ ఊడదీసి, దాని గాజు కిటికీని అతినీలలోహిత దీపం కింద పెట్టి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి, మళ్లీ ప్రోగ్రామర్‌లో ఎక్కించాలి. అందుకని ‘తర్వాత కోడ్‌లో చూసుకుందాం’ అనే మాట మా దగ్గర చెల్లేది కాదు. సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ కూడా 8031లో ఉండదు. ఏడీసీ0808 అని 28 కాళ్ల చిప్ విడిగా పెట్టేవాళ్లం. ఎనిమిది బిట్లది. 5 వోల్టులను 256 మెట్లుగా కోస్తుంది, మెట్టుకు దాదాపు 20 మిల్లీవోల్టులు.

ఆ మెట్టు ఎంత పెద్దదో కోళ్ల హ్యాచరీ వాళ్లకు పరికరం చేసిన ప్రతివాడికీ తెలుసు. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. మొదటి 18 రోజులు సెట్టర్‌లో, చివరి మూడు రోజులు హ్యాచర్‌లో ఉంటుంది. సెట్టర్‌లో వేడి 37.5, 37.8 డిగ్రీల మధ్య నిలవాలి. ఒక డిగ్రీ ఎక్కువై అలాగే ఉండిపోతే గుడ్డులోనే పిల్లలు చస్తాయి. సెన్సర్ ఎల్‌ఎం35, డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని తీసుకెళ్లి నేరుగా ఆ ఏడీసీకి కలిపితే రెండు డిగ్రీలకు ఒక మెట్టు. 38 తర్వాత కనిపించేది 40. సెట్టర్‌లో గుడ్లు పెట్టినవాళ్లకు అది దేనికి పనికొస్తుంది?

కాబట్టి కాగితం తీసుకుని లెక్క వేసేవాళ్లం. మనకు కావలసింది 30 నుంచి 50 డిగ్రీల దాకానే. 30 డిగ్రీల దగ్గర సెన్సర్ ఇచ్చేది 300 మిల్లీవోల్టులు. ఆ 300 తీసేసి, మిగిలినదాన్ని 25 రెట్లు పెంచితే 30 డిగ్రీలకు సున్నా వోల్టులు, 50 డిగ్రీలకు సరిగ్గా 5 వోల్టులు. అదే ఎనిమిది బిట్ల చిప్, ఇప్పుడు మెట్టుకు 0.08 డిగ్రీ చూపిస్తుంది. పని అంతటితో అయిపోదు. పెంచడానికి పెట్టిన ఎల్‌ఎం324ను 5 వోల్టుల మీద నడిపితే దాని అవుట్‌పుట్ మూడున్నర దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి దానికి 12 వోల్టులు ఇవ్వాలి. 12 ఇస్తే ఏదో ఒక రోజు సెన్సర్ తీగ ఊడి, ఆ ఆప్-యాంప్ పది వోల్టులు తెచ్చి ఏడీసీ కాలి మీద పెడుతుంది, కాబట్టి మధ్యలో ఒక రెసిస్టరు, రెండు డయోడ్లు ఉండాలి. ఆ తర్వాత పాదరసం థర్మామీటరు పక్కన పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవర్‌తో మల్టీటర్న్ ప్రీసెట్ తిప్పి, అంకె కుదిరాక కదలకుండా దాని మీద చుక్క నెయిల్ పాలిష్ వేసేవాళ్లం. ప్రోగ్రాం రాయడానికి కూర్చునే సరికి సెన్సర్ గురించి తెలియాల్సినదంతా తెలిసిపోయి ఉండేది.

ఇప్పుడు అదే పనికి ఏం చేస్తున్నారో చూడండి. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో ఒక మంచి పని చేసింది, చిప్‌కు భయపడేవాళ్లకు చిప్ అందించింది. దాన్ని నేను తప్పు పట్టను. దాని ఊనో బోర్డు మీద ఉన్న చిప్‌లో పది బిట్ల ఏడీసీ ఉంది, మాకు దొరికినదానికంటే నాలుగు రెట్లు సన్నగా కోస్తుంది. ఎల్‌ఎం35ను నేరుగా కలిపితే అర డిగ్రీకి ఒక మెట్టు. కానీ ఆ మెట్టు దేన్ని బట్టి కొలుస్తున్నదో ఎవరూ అడగరు. ఏమీ చెప్పకపోతే ఆ చిప్ తన సప్లై వోల్టేజీనే 5 వోల్టులు అనుకుంటుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి, సన్నటి కేబుల్ గుండా వచ్చేది చాలాసార్లు 4.75. అప్పుడు 37.7 డిగ్రీలు ఉన్న చోట తెర మీద 39.7 పడుతుంది. రెండు డిగ్రీలు గాల్లోంచి వచ్చాయి. కేబుల్ మార్చితే అంకె మారుతుంది, ఛార్జర్ మార్చితే ఇంకోలా మారుతుంది. పిల్లవాడు సెన్సర్ పాడైందని కొత్తది కొంటాడు. ఆ చిప్ లోపలే 1.1 వోల్టుల రిఫరెన్సు ఉంది. దాన్ని ఒక్క వరుసతో ఎంచుకుని, ఆ చిప్‌లో అది సరిగ్గా ఎంత ఉందో ఒకసారి మీటరుతో కొలిచి రాసుకుంటే, డిగ్రీలో పదో వంతు దొరుకుతుంది, ఛార్జర్‌తో పేచీ ఉండదు. ఈ విషయం డేటా షీట్‌లో ఉంది. చదివినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

ఇంకా దారుణం డీహెచ్‌టీ11 అనే నీలం డబ్బా. ఇంక్యుబేటర్ ప్రాజెక్టుల్లో కోకొల్లలుగా కనిపిస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లే ప్లస్ ఆర్ మైనస్ రెండు డిగ్రీలు అని రాసి ఇచ్చారు. ఇంటి గదిలో ఎంత వేడిగా ఉందో చూసుకోవడానికి అది చాలు. గుడ్ల మీద పెట్టడానికి చాలదు. డిజిటల్‌గా అంకె వస్తోంది కదా అని దాన్ని నమ్మేస్తున్నారు.

మా అపార్టుమెంటులో ఫైనలియర్ చదివే అమ్మాయి ఒకతె తన బోర్డు తెచ్చింది. తెలివైన పిల్ల. సొంతంగా గీసి, చైనాకు పంపి చేయించిన బోర్డు, చూడముచ్చటగా ఉంది. నాలుగు రిలేలు, ఒక ఎల్‌ఎం35, మధ్యలో చిప్.

“అంకుల్, రిలేలు ఆన్ అయినప్పుడల్లా టెంపరేచర్ ఐదు డిగ్రీలు ఎగురుతోంది. యావరేజ్ తీశాను, అయినా తగ్గట్లేదు.”

“ఎన్ని రీడింగుల మీద తీశావమ్మా?”

“వంద.”

“రిలే ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ వందలోనూ ఐదు డిగ్రీలు ఉంటాయి కదా తల్లీ. సగటులో ఎక్కడికి పోతాయి?”

బోర్డు తిప్పి చూశాం. రిలేల కరెంటు తిరిగి సప్లైకి వెళ్లే గ్రౌండ్ ట్రాకు పావు మిల్లీమీటరు వెడల్పుతో పది సెంటీమీటర్లు నడిచింది. సెన్సర్ గ్రౌండ్‌ను ఆ ట్రాకుకే, రిలేల వైపు చివర కలిపారు. చిప్ గ్రౌండ్ మాత్రం అవతలి చివర, సప్లై దగ్గర ఉంది. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో చదరానికి అర మిల్లీఓమ్ రెసిస్టెన్స్. ఈ ట్రాకులో వరసగా 400 చదరాలు పడతాయి, అంటే 0.2 ఓమ్. ఐదు వోల్టుల రిలే ఒక్కొక్కటీ 70 మిల్లీయాంపులు తాగుతుంది, నాలుగూ కలిసి 280. గుణిస్తే 56 మిల్లీవోల్టులు. ఎల్‌ఎం35 లెక్కలో అది ఐదున్నర డిగ్రీలు. ఆ అమ్మాయి ఫోన్‌లో లెక్క వేసి చూసుకుని, కాసేపు మాట్లాడలేదు. బ్లేడుతో సెన్సర్ గ్రౌండ్‌ను అక్కడ కోసి, విడిగా ఒక తీగను చిప్ గ్రౌండ్ కాలి దగ్గరికి టంకం పెట్టాం. నాలుగు రిలేలూ వేసి చూస్తే అంకె కదల్లేదు. కోడ్‌లోని యావరేజ్ తీసేసినా కదల్లేదు.

నాలుగేళ్లు చదివిన పిల్లకు రాగికి రెసిస్టెన్స్ ఉంటుందని తెలియక కాదు. ఓమ్ సూత్రం పదో తరగతిలోనే చదివింది. అది తన బోర్డు మీద కూడా పనిచేస్తుందని ఆమెకు ఎవరూ చూపించలేదు. నా ఫిర్యాదు పిల్లల మీద కంటే ఆ చూపించని వాళ్ల మీదే ఎక్కువ.

యావరేజ్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. సగటు తీయడం మేమూ చేసేవాళ్లం, కానీ దేన్ని పోగొట్టడానికో తెలిసి చేసేవాళ్లం. డ్యూయల్ స్లోప్ ఏడీసీలు వాడే కాలంలో, ఐసీఎల్7107, 7109 లాంటి వాటికి క్లాకు ఎంచుకునేటప్పుడే, అది సిగ్నల్‌ను పోగుచేసుకునే సమయం 20 మిల్లీసెకన్లకో, దాని గుణిజానికో సరిపోయేలా చూసేవాళ్లం. మన కరెంటు 50 హెర్ట్జులు, ఒక అల పూర్తవడానికి 20 మిల్లీసెకన్లు. పూర్తి అల మీద పోగుచేస్తే పైకి పోయినంత కిందికీ వచ్చి, కరెంటు తీగల నుంచి దూరే హమ్ తనంతట తానే కొట్టుకుపోతుంది. ఇవాళ ఆర్డుయినోలో ఒక రీడింగ్‌కు పట్టేది సుమారు 100 మైక్రోసెకన్లు. పది రీడింగులు వెంటవెంటనే తీస్తే అన్నీ ఒక్క మిల్లీసెకనులో అయిపోతాయి. ఆ అలలో ఇరవయ్యో వంతు మాత్రమే చూసి సగటు కట్టినట్టు. అదే ఇరవై రీడింగులను మిల్లీసెకనుకు ఒకటి చొప్పున తీస్తే హమ్ దాదాపు మాయమవుతుంది. కోడ్ పొడవు అంతే, ఖర్చు అంతే. తేడా అంతా ఎందుకు చేస్తున్నామో తెలియడంలో ఉంది.

థర్మోకపుల్ దగ్గరికి వస్తే ఇంకా సూక్ష్మం. కే-టైపుది డిగ్రీకి 41 మైక్రోవోల్టులే ఇస్తుంది. 741 ఆప్-యాంప్ తనలోనే మామూలుగా రెండు మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ పెట్టుకుని పుడుతుంది. అంటే బట్టీ వెలిగించకముందే యాభై డిగ్రీల తప్పు. పైగా చిప్ వేడెక్కితే ఆ ఆఫ్‌సెట్ జరుగుతుంది, ప్రీసెట్‌తో ఇవాళ సరిచేసింది రేపటికి ఉండదు. అందుకే 741 ఎంత చవకైనా పక్కన పెట్టి, ధర ఎక్కువైనా ఓపీ07 కోసం కోఠీ గుజరాతీ గల్లీలో షాపు షాపూ తిరిగేవాళ్లం. దొరికినా అసలుదో కాదో ఆఫ్‌సెట్ కొలిచి చూసుకునేవాళ్లం. ఇప్పుడు థర్మోకపుల్‌కే ప్రత్యేకంగా చేసిన చిప్పులు వచ్చాయి, థర్మోకపుల్ తీగ బోర్డుకు కలిసే చోటి, అంటే కోల్డ్ జంక్షన్, లెక్క కూడా అవే చూసుకుంటాయి. మంచిదే. కానీ ఆ చిప్పును వోల్టేజ్ రెగ్యులేటర్ పక్కన పెడితే అది తీగ కలిసే చోటు కంటే వేడిగా ఉంటుంది, కొలత ఆ మేరకు తప్పుతుంది. అది చిప్ చూసుకోదు, బోర్డు గీసినవాడు చూసుకోవాలి.

బోర్డు గీయడం అంటే మాకు నిజంగా గీయడమే. కింద లైటు వెలిగే గాజు బల్ల, దాని మీద మైలార్ ఫిల్మ్, అసలు సైజుకు రెట్టింపులో నల్ల టేపు, ప్యాడ్ల కోసం గుండ్రటి స్టిక్కర్లు. టేపును సర్జికల్ బ్లేడుతో కోసి, వంపు తిరిగేచోట లాగకుండా ఒత్తాలి, లాగితే నాలుగు రోజుల తర్వాత కుంచించుకుపోయి ప్యాడ్ దగ్గర ఊడిపోతుంది. అదయ్యాక కెమెరాతో సగానికి తగ్గించి నెగెటివ్ తీయించి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో బోర్డు ఎచింగ్ చేయించేవాళ్లం. తప్పు బయటపడితే మళ్లీ మొదటి నుంచి. అందుచేత టేపు ముక్క అంటించే ముందు చేయి ఆగేది. ఈ ట్రాకులో ఏ కరెంటు పోతుంది, తిరిగి ఏ దారిన వస్తుంది అని బుర్ర అడిగేది. మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవారు. మొదట గ్రౌండ్ వేయందే రెండో ట్రాకు ముట్టుకోనిచ్చేవారు కాదు. సెన్సర్ గ్రౌండ్ ఒక దారి, రిలే, డిస్‌ప్లేల గ్రౌండ్ ఇంకో దారి, రెండూ సప్లై కెపాసిటర్ కాలి దగ్గరే కలవాలి. కలిసే ఆ ఒక్క చోటును ఎర్ర పెన్సిల్‌తో చుట్టేవారు.

ఆ పాట్లు మళ్లీ రావాలని నేను కోరుకోను. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి: ఆస్ట్రేలియాలో 1985లో ప్రోటెల్ మొదలైంది, 1988లో జర్మనీ నుంచి ఈగిల్ వచ్చింది, 1992లో ఒక ఫ్రెంచి అధ్యాపకుడు మొదలుపెట్టిన కీక్యాడ్ ఇవాళ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మేము కలలో కూడా అనుకోని నాలుగు పొరల బోర్డు ఇవాళ కుర్రాళ్ల పాకెట్ మనీలో వస్తోంది. లోపలి పొర మొత్తం గ్రౌండ్‌కే ఇచ్చేయవచ్చు. మా డ్రాఫ్ట్స్‌మన్‌గారు ఉంటే ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఇన్ని ఉండి కూడా ఆ పిల్లలు చేసేదేమిటంటే, ఆటోరౌటర్ బటన్ నొక్కుతారు. అది సెన్సర్ ట్రాకును క్రిస్టల్ కింది నుంచి, రిలే కాళ్ల మధ్య నుంచి తిప్పి తీసుకొస్తుంది, దానికి అన్ని తీగలూ ఒకటే. చివర ఖాళీ చోటంతా రాగితో నింపి గ్రౌండ్ అయిందంటారు. మధ్యలో ఒక పొడవాటి ట్రాకు ఆ రాగిని అడ్డంగా కోసేసిందని చూడరు. వేగంగా మారే కరెంటు తిరుగుదారిలో తన ట్రాకు కిందనే నడవాలని చూస్తుంది. ఆ దారిని కోసేస్తే చుట్టూ తిరిగి, సెన్సర్ కింది నుంచి పోతుంది.

104 కెపాసిటర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రతి చిప్పు సప్లై కాలికీ, గ్రౌండ్ కాలికీ మధ్య, వీలైనంత దగ్గరగా ఒకటి ఉండాలి. 100 నానోఫారడ్లది. చిప్ ఒక్కసారిగా కరెంటు కోరినప్పుడు దూరాన ఉన్న సప్లై నుంచి వచ్చేలోగా అది అందించాలి. సర్క్యూట్ డయాగ్రంలో అలవాటుగా ఆ కెపాసిటర్లన్నిటినీ ఒక మూల వరసగా గీస్తారు, బొమ్మ శుభ్రంగా ఉంటుందని. ఒక కాలేజీ ప్రాజెక్టు బోర్డులో, డయాగ్రంలో ఉన్నట్టే ఆ కెపాసిటర్లన్నీ బోర్డు మూల వరసగా, సైనికుల్లా నిలబడి ఉన్నాయి. చిప్పులేమో అవతలి చివర ఉన్నాయి. ఆ బోర్డుకు మార్కులు బాగానే వేశారు. వేసినవాళ్లను ఏమనాలి?

పశ్చిమ గోదావరి రొయ్యల చెరువుల దగ్గర పీహెచ్ కొలిచే పరికరాలు ఇప్పుడు చాలామంది కుర్రాళ్లు చేస్తున్నారు. మంచి ఆలోచన. పీహెచ్ పెరిగేకొద్దీ నీళ్లలోని అమ్మోనియా విషం పెరుగుతుంది, రైతుకు అది తెలియాలి. కానీ ఇన్‌పుట్ సర్క్యూట్లలో అన్నిటికంటే కష్టమైనది అదే. గాజు ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల దగ్గర పీహెచ్ ఒక్కటి మారితే 59 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంకె చూస్తే సులువే అనిపిస్తుంది. దాని వెనక రెసిస్టెన్స్ మాత్రం వందల మెగాఓమ్‌లలో ఉంటుంది. 741 లాంటిది ఇన్‌పుట్ దగ్గర 80 నానోయాంపులు లాక్కుంటుంది. వంద మెగాఓమ్ గుండా అంత రావాలంటే ఎనిమిది వోల్టులు కావాలి. అంటే ఆ కొలతకు అది అసలు పనికిరాదు. పదుల పికోయాంపులతో సరిపెట్టుకునే సీఏ3140 లాంటి వాటి కోసం మేము వెతికింది అందుకే.

చిప్ దొరికాక అసలు యుద్ధం బోర్డుతో. సోల్డర్ చేశాక మిగిలే ఫ్లక్స్, వేలి ముద్ర, కోస్తా గాలి తేమ, ఈ మూడూ కలిస్తే బోర్డు పైతలమే ఎలక్ట్రోడ్‌తో పోటీపడే రెసిస్టర్ అవుతుంది. డయాగ్రంలో కనపడని రెసిస్టర్. అందుకే ఇన్‌పుట్ కాలు చుట్టూ రాగితో గార్డ్ రింగు వేసి, బఫర్ అవుట్‌పుట్‌ను ఆ రింగుకు కలిపేవాళ్లం. ఇన్‌పుట్‌లో ఎంత వోల్టేజీ ఉంటే రింగులోనూ అంతే ఉంటుంది. రెండు వైపులా ఒకటే వోల్టేజీ ఉన్నప్పుడు మధ్యలో కరెంటు పారే ప్రశ్న లేదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, ఆ భాగాన్ని ఇక చేత్తో ముట్టుకునేవాళ్లం కాదు. మరీ జాగ్రత్త కావలసినచోట ఆ కాలును బోర్డుకు తగలకుండా పైకి వంచి టెఫ్లాన్ పోస్టు మీద కలిపేవాళ్లం. ఇప్పుడు అమ్మే చవక మాడ్యూళ్లు కొన్నిటిలో రింగు ఉండదు, ఫ్లక్స్ అలాగే మెరుస్తుంటుంది. ఏసీ గదిలో బాగా పనిచేస్తుంది. భీమవరం వెళ్లాక తెల్లవారుజామున మంచు పడగానే అంకె కదలడం మొదలవుతుంది. అంతే కాక చెరువులో ఏరేటర్ మోటార్లు తిరుగుతుంటాయి, వాటి లీకేజీ నీళ్లలోకి వస్తుంది. సెన్సర్ వైపు సప్లైని విడిగా, మిగతా బోర్డు నుంచి ఐసోలేట్ చేయకపోతే ఆ కరెంటు ఎలక్ట్రోడ్ గుండానే దారి వెతుక్కుంటుంది. ఇవన్నీ చూసుకోకుండా క్లౌడ్‌కు పంపిన పీహెచ్ అంకెను నమ్మి రైతు సున్నం చల్లితే, నష్టపోయేది ఎవరు?

పొలం సంగతీ అంతే. బోరు దగ్గర నుంచి ఇంటి దాకా తీగ లాగితే అది దారిపొడవునా పిడుగుల్నీ, స్టార్టర్ కాంటాక్టర్ల మెరుపుల్నీ పట్టుకుంటుంది. మా ఫ్యాక్టరీ పరికరాల్లో దూరం నుంచి వచ్చే సిగ్నల్ 4-20 మిల్లీయాంపుల కరెంటుగా వచ్చేది. సప్లై వోల్టేజీ సరిపోయినంత వరకు తీగ రెసిస్టెన్స్ ఎంతున్నా కరెంటు మారదు. ఈ చివర 250 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులు దొరుకుతుంది. సున్నా విలువకు కూడా 4 మిల్లీయాంపులు ఉండటంలో తెలివి ఉంది: తీగ తెగితే కరెంటు నిజంగా సున్నా అవుతుంది, ట్యాంకు ఖాళీ అయిందా, తీగ తెగిందా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఇవాళ వంద మీటర్ల తీగను తెచ్చి నేరుగా ఈఎస్‌పీ32 చిప్ కాలికి కలుపుతున్నారు. రెసిస్టర్ లేదు, టీవీఎస్ డయోడ్ లేదు, ఆప్టో లేదు. పీసీ817 ఆప్టోకప్లర్ ఒకటి కొనడానికి అయ్యేది చిల్లర డబ్బు. మొదటి వానకు బోర్డు పోతుంది. “సార్, బోర్డు నాసిరకం” అంటారు.

నేల తేమ సెన్సర్ అని రెండు కాళ్ల ఫోర్కు ఒకటి అమ్ముతారు. దానికి ఎప్పుడూ ఐదు వోల్టుల డీసీ ఇచ్చి ఉంచితే ఎలక్ట్రోలిసిస్ జరిగి కొద్దివారాల్లోనే ఒక కాలు కరిగిపోతుంది. ఇంటి పైన ట్యాంకుల్లో ప్రోబులు పచ్చగా చిలుము పట్టి చెడేదీ అందుకే. చదివేటప్పుడు మాత్రమే కరెంటు ఇవ్వాలి, దిశ మార్చి మార్చి ఇవ్వాలి. వాటర్ లెవెల్ కంట్రోలర్లు చేసిన పాత మెకానిక్కులు ఏసీ ఇచ్చి నడిపింది ఈ కారణంతోనే.

ఇప్పటి సెన్సర్లు డిజిటల్ అయిపోయాయి, ఇక ఈ గొడవ ఎందుకని కొందరు నాతో వాదిస్తారు. ఐ2సీ అనే పద్ధతిని ఫిలిప్స్ వాళ్లు 1982లో తెచ్చింది టీవీ లాంటి పెట్టె లోపల చిప్పులు మాట్లాడుకోవడానికి. తీగకు 400 పికోఫారడ్ల కంటే ఎక్కువ కెపాసిటెన్స్ ఉండకూడదని హద్దు పెట్టారు. దాన్ని పది మీటర్ల తీగ మీద, పక్కన మోటారు కేబుల్‌తో నడిపి, ‘అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతోంది’ అంటే తప్పు ఎవరిది? ఎల్‌ఎం35 డేటా షీట్‌లోనూ అలాంటి మాటే ఉంది: దాని అవుట్‌పుట్‌కు 50 పికోఫారడ్లు మించితే జాగ్రత్త పడమని, పొడవాటి కేబుల్ కలిపేచోట 2 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టమని, బొమ్మ వేసి మరీ చూపించారు. మా రోజుల్లో నేషనల్ సెమీకండక్టర్ డేటా బుక్కు ఒకటి డిపార్టుమెంటుకంతటికీ ఒకే కాపీ. రాత్రికి ఇంటికి తీసుకెళ్లాలంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఇవాళ అదే కాగితం ప్రతి ఒక్కరి జేబులో, ఫోన్‌లో ఉంది. మొదటి పేజీలోని బొమ్మ చూసి మూసేస్తున్నారు. ఈఎస్‌పీ32 రెండో ఏడీసీ వైఫై నడుస్తుండగా పనిచేయదని కూడా తయారీదారు రాసే పెట్టాడు. డెమో ముందు రాత్రి అది కనిపెట్టి బోర్డు మీద తీగలు కోసుకునే పిల్లల్ని నేను చూశాను.

ప్రాజెక్టు గైడ్లుగా ఉన్న లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. యాప్ చూపించమని అడగడానికి ముందు సెన్సర్ డేటా షీట్ తెచ్చుకోమనండి. ఒక్క ఇన్‌పుట్ అయినా మాడ్యూల్ కొనకుండా సొంతంగా చేయమనండి. దానికి రిఫరెన్సు ఏది, గ్రౌండ్ ఎక్కడ కలిసింది, తీగ తెగితే ఏం చూపిస్తుంది అని వైవాలో అడగండి. చాలా ల్యాబుల్లో సీఆర్‌ఓలు, అంటే ఆసిలోస్కోపులు, గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఆ గుడ్డ తీయించి, పిల్లల చేతనే సెన్సర్ కాలి మీద ప్రోబ్ పెట్టించి, రిలే వేయించి చూపించండి. మార్కులు ఆ తర్వాత వేయండి.